టకటక ఎవరిది

మా మామయ్యను అందరూ చెవి మేస్త్రి అనేవారు. చేత్తో పనిచేసే మేస్త్రులు ఎక్కడైనా దొరుకుతారు, ఈయన చెవితో పనిచేసేవారు. మూరెడు పొడుగున్న స్క్రూడ్రైవరు మొనని ఇంజను మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని రోగం చెప్పేవారు. చెప్పింది తప్పైన రోజు లేదని అత్తయ్య అంటుంది. అత్తయ్య మాటలో సగం తీసేసినా, మిగిలిన సగం తక్కువేమీ కాదు.

మాకు ఒక పాత పెట్రోలు లారీ ఉండేది. మా ఆయనకంటే రెండేళ్ళు పెద్దది. అందుకని అత్తయ్య దాన్ని పెద్దాడు అనేది. పెద్దాడు తిన్నాడా అంటే లారీలో పెట్రోలు పోశారా అని అర్థం. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు బావగారు ఒకరున్నారనుకుని నాలుగు రోజులు తల వంచుకుని తిరిగాను.

ఆ లారీ ఇటుకల బట్టీ నుంచి ఇటుకలు మోసేది. వానలు పడితే బట్టీ చల్లారిపోతుంది. అప్పుడు లారీ వచ్చి మా పెరట్లో రేకుల షెడ్డు కింద, వంటింటి కిటికీకి ఎదురుగా నిలబడుతుంది. నేను చెప్పేది అలాంటి ఒక వానాకాలం సంగతి. నాకు పెళ్ళై అప్పటికి రెండో ఏడు.

ఆ వేసవి నుంచే లారీకి సత్తువ పోయింది. మెట్ట ఎక్కాలంటే మొదటి గేరుకి దిగాల్సి వచ్చేది. నిలబెట్టి ఉంచితే జ్వరం వచ్చినవాడిలా వణికేది, వెనక గొట్టంలోంచి ఉండి ఉండి దగ్గేది. వచ్చే ఏడు ఇదే బండి అయితే నాకొద్దని బట్టీ యజమాని మొహం మీదే చెప్పాడట. మా ఆయన ఆ మాట ఇంటికి తెచ్చి తండ్రి ముందు పెట్టాడు. ఇంజను అరిగిపోయింది, రింగులు పోయాయి, బోరు పోయింది, ఇక దీన్ని తుక్కువాడికి ఇచ్చేద్దాం అన్నాడు. తనకి ఏదో రవాణా కంపెనీలో డ్రైవరు పని చూసుకున్నాడు. దూరపు బళ్ళు. ఒకసారి బండెక్కితే మళ్ళీ ఇంటి మొహం చూసేది ఎన్ని నెలలకో తెలియదు.

నా మట్టుకు నాకు ఏడుపొచ్చింది. తాళం వేసిన ఇంటికి కాపలా కాయడానికి పెళ్ళి చేసుకున్నానా? రాత్రిళ్ళు ఒక మాట అని చూశాను. "బండి లాగితే నేనెందుకు వెళ్తాను?" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఆ లారీ బతకాలని నేను కోరుకున్నట్టు దాన్ని కొన్నవాళ్ళు కూడా కోరుకుని ఉండరు.

మామయ్యది వేరే వాదన. రింగులకి ఏమీ కాలేదు, టాపెట్లు వదులయ్యాయి, అందుకే టకటక కొట్టుకుంటున్నాయి అనేవారు. ఇంజను తల మీద వాల్వుల్ని తెరిచే చిన్న చిన్న సుత్తుల్లాంటివి వరసగా ఉంటాయి, వాటినే టాపెట్లంటారు. వాటికీ వాల్వులకీ మధ్య ఇంత సందు అని ఒక లెక్క ఉంది. తక్కినవాళ్ళు ఆ సందుని పల్చటి ఇనప రేకులు దూర్చి కొలుస్తారు. మామయ్య రేకులు ముట్టుకునేవారు కాదు, అవి గుడ్డివాడి చేతికర్ర, చెవి ఉన్నవాడికి ఎందుకు అనేవారు. చప్పుడు వింటూ మర తిప్పి, సరిగ్గా ఎక్కడ ఆపాలో అక్కడ ఆపేవారు. దానికి ఆయన ఒక సూత్రం కూడా చెప్పేవారు.

"టాపెట్టు కాస్త మాట్లాడాలమ్మాయ్. మరీ బిగించేస్తే చప్పుడుండదు, బాగుందనుకుంటాం. కానీ వాల్వు పూర్తిగా మూసుకోదు, ఆ సందులోంచి మంట తన్ని అంచు కాలిపోతుంది. మూగబోయిందంటే లోపల కాలుతోందన్నమాట. అందుకే మీ అత్తయ్య మాట్లాడుతున్నంత కాలం ఈ ఇంటికి ఢోకా లేదు."

అన్నీ తెలిసిన మనిషి ఆ ఏడాదిలో ఆ టాపెట్లని ఎన్నిసార్లు బిగించారో లెక్కలేదు. ప్రతిసారీ స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని, "ఇంకా ఉంది, ఎక్కువ మాట్లాడుతోంది" అని ఇంకొంచెం తిప్పేవారు. పాపం, ఆ చప్పుడు ఆయన్ని కుదురుగా కూర్చోనిచ్చేది కాదు. అన్నం తింటూ మధ్యలో లేచి షెడ్డులోకి వెళ్ళేవారు.

ఇంకో సంగతి. ఆ వానాకాలమంతా మేము ఆయనతో అరిచి మాట్లాడేవాళ్ళం. పైన రేకులు, రేకుల మీద వాన. ఏమన్నా ఆయన ఆఁ అని రెండోసారి అడిగేవారు, మేము వానని తిట్టుకుని గొంతు పెంచేవాళ్ళం. వాన లేని పూట కూడా అరుస్తున్నామని మాలో ఎవరికీ తట్టలేదు.

సరే, ఒక రోజు మామయ్య తన కొడుకు నోరు మూయించాలని ప్లగ్గులు ఆరూ విప్పారు. పెట్రోలు ఇంజనుకి ప్లగ్గులు నాలుకల్లాంటివి, చూస్తే లోపలి ఆరోగ్యం తెలుస్తుంది. రింగులు అరిగితే నూనె పైకి ఎగదన్ని ప్లగ్గు మొన జిడ్డుగా నల్లగా అవుతుంది. ఇవి ఆరూ పొడిగా ఉన్నాయి. ఒక చెక్క మీద వరసగా పెట్టి, మా ఆయన బజారు నుంచి రాగానే చూపిస్తానని ముసిముసిగా నవ్వుకుంటూ స్నానానికి వెళ్ళారు.

మామయ్య స్నానం చేసి వచ్చేసరికి అత్తయ్య వాటిని సబ్బు పెట్టి, పీచుతో రుద్ది, తళతళలాడించి ఒక గ్లాసులో నిలబెట్టింది. ఇంత మసి పట్టిపోతే బండి ఎలా నడుస్తుందండీ, నాతో ఒక మాట అంటే ఎప్పుడో కడిగేదాన్ని కదా అంది. మామయ్య ఆ గ్లాసు ఎత్తి వెలుగులో తిప్పి చూశారు.

"సాక్షులందరికీ తలంటు పోశావు" అన్నారు.

నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను. బజారు నుంచి వచ్చిన మా ఆయన మాత్రం నవ్వలేదు. మర్నాడు ఎవరినో బతిమాలి పెద్ద వర్క్‌షాపు నుంచి కంప్రెషన్, అంటే ఇంజను లోపలి గాలి ఒత్తిడి, చూసే గేజి పట్టుకొచ్చాడు. ఒక రబ్బరు గొట్టం, చివర గడియారమంత డయలు, అందులో ముల్లు. నీ చెవీ వద్దు నా మాటా వద్దు నాన్నా, ఆదివారం పొద్దున ముల్లు ఏం చెబితే అది విందాం అన్నాడు. తుక్కువాడిని కూడా ఆదివారం పొద్దునే రమ్మన్నాడు. ముల్లు ఏం చెబుతుందో ముందే ఖాయం చేసుకున్నాడన్నమాట.

శనివారం మా ఆయన కంపెనీ కాగితాల కోసం వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామయ్య షెడ్డులోంచి నన్ను కేకేశారు. గేజి చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నారు.

"ఈ ముల్లు నీకు చదవడం వచ్చా?"

వచ్చు. మా నాన్న ఆసుపత్రిలో కాంపౌండరు. బీపీ మిషను ముల్లు చూసి అంకె చెప్పడం నాకు లంగాలు కట్టే వయసు నుంచీ అలవాటే. ఆ మాటే చెప్పాను. అయితే రా, రేపటి పరీక్షకి ఇవాళే పేపరు చూసేద్దాం అన్నారు.

ఇంజను కాసేపు నడిపి వేడెక్కించాం. తర్వాత ఆపేసి ప్లగ్గులు ఆరూ విప్పాం. కరెంటు అందకుండా కాయిల్ తీగ లాగేశాం. యాక్సిలేటరు తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టడానికి మనిషి కావాలి. సాక్షుల్ని కడిగిన నేరానికి అత్తయ్యనే ఎక్కించాం. మొదట ససేమిరా అంది, ఎక్కాక దిగనంది. స్టీరింగు పట్టుకుని కూర్చుని, ఈ సీటులో ఇంత హాయి ఉందని ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదేమే అంది.

ప్లగ్గు విప్పిన ఒక్కో గుంతలో గేజి బిగించడం మామయ్య వంతు. అత్తయ్య సెల్ఫ్ కొట్టడం, ఇంజను అయిదారు చుట్లు గుర్రు గుర్రుమని తిరగడం, నేను అంకె చదివి సుద్దముక్కతో బల్ల మీద రాయడం. మొదటిది నూట పద్దెనిమిది. రెండోది అరవై. మూడు, నాలుగు బాగానే ఉన్నాయి. అయిదోది డెబ్బై. ఆరోది మళ్ళీ బాగుంది.

రెండు, అయిదు. ఆ రెండింట్లో ఒత్తిడి సగానికి పడిపోయింది. మా ఆయన అన్నదే నిజమైంది, రేపు తుక్కువాడొస్తాడు, సోమవారం ఆయన వెళ్ళిపోతాడు అనుకున్నాను. మామయ్య మాత్రం కంగారు పడలేదు. ఇంట్లో మందు తాగే చెంచా పట్రా అన్నారు.

రింగులు అరిగితే గాలి వాటి పక్కల నుంచి కిందికి జారిపోతుంది. చెంచాడు ఇంజనాయిలు పోస్తే అది కాసేపు ఆ సందుని పూడుస్తుంది, ముల్లు పైకి లేస్తుంది. పోసినా లేవలేదంటే దొంగ రింగుల దగ్గర లేడు, పైన వాల్వు దగ్గర ఉన్నాడు. రెండో గుంతలో చెంచాడు పోసి, అత్తయ్యని కొట్టమన్నాం. ముల్లు అరవై రెండు దగ్గర ఆగింది. అయిదో దాంట్లో పోశాం. అక్కడా అంతే, కదిలితే ఒట్టు.

మామయ్య మొహం వెలిగిపోయింది. చెప్పానా, రింగులు కావని చెప్పానా అని నా నెత్తి మీద మొట్టబోయి, చేతికి గ్రీజు ఉందని ఆగారు. బోరు జోలికి వెళ్ళక్కర్లేదు, వాల్వులు మార్చుకుంటే బండి మళ్ళీ పడుచుదవుతుందన్నారు. అత్తయ్య అయిష్టంగానే సీటు దిగి టీ పెట్టడానికి వెళ్ళింది.

అప్పుడే వాన ఆగిపోయింది. రేకుల మీద చప్పుడు ఒక్కసారిగా తెగిపోయి, ఎక్కడో చూరు నీళ్ళు కూడా ఆగి, పెరడంతా నిశ్శబ్దమైపోయింది. నేను పీట మీద కూర్చుని ప్లగ్గులు ఒళ్ళో పోసుకుని గుడ్డతో తుడుస్తున్నాను. మామయ్య ఇంజను తల మూత విప్పి, అలవాటు కొద్దీ స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నారు.

"ఇదిగో, మళ్ళీ మొదలెట్టింది. విన్నావా టకటక? ఇంజను ఆపమ్మాయ్, ఇంకో చుట్టు బిగిస్తాను."

ఇంజను ఆగే ఉంది. ప్లగ్గులు ఆరూ నా ఒళ్ళోనే ఉన్నాయి.

ఆపమంటే నీకే చెప్పేది అన్నట్టు ఆయన తల తిప్పి చూశారు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, కొరుకుడు పడటం లేదా అని అడిగాడట అని చిన్నప్పుడు ఎన్నిసార్లు నవ్వుకున్నానో. ఆ పూట మాత్రం నవ్వు రాలేదు. ఒక ప్లగ్గు తీసి చేత్తో పైకెత్తి చూపించాను, అంతే.

ఆయన ప్లగ్గు చూశారు. ఇంజనుకున్న ఆరు ఖాళీ గుంతలూ చూశారు. స్క్రూడ్రైవరు చెవి దగ్గరి నుంచి తీసి, దాని మొనని పక్కనున్న చెక్క బల్ల మీద పెట్టి, పిడి మళ్ళీ చెవికి ఆనించారు. కాసేపు విన్నారు. లేచి షెడ్డు స్తంభానికి ఆనించి విన్నారు. తిరిగొచ్చి నా ఎదురుగా పీట లాక్కుని కూర్చున్నారు.

"బల్లకి కూడా టాపెట్లున్నాయే" అన్నారు.

నవ్వుతున్నారేమో అనుకున్నాను. నవ్వట్లేదు. మా నాన్న దగ్గరికి ఇలాంటివాళ్ళు వచ్చేవారు, చెవిలో కీచురాయి దూరిందని ఒకరు, గడియారం కొట్టుకుంటోందని ఒకరు. జీవితమంతా మోతలో పనిచేసినవాళ్ళు ఎక్కువగా వచ్చేవారు. వాళ్ళకి వినబడే చప్పుడు బయటిది కాదు, చెవిలోదే.

ఆయనే అన్నారు, మీ ఆయన పెట్టెలో సందు కొలిచే రేకులుంటాయి, పట్రా అని. తెచ్చాను. ఇంజను చేత్తో తిప్పుతూ ఒక్కో వాల్వు పూర్తిగా మూసుకోవాల్సిన చోట ఆపి, దూర్చమన్నారు. అన్నిటికంటే పల్చటి రేకు తీసుకున్నాను. రెండో దాంట్లో దూరలేదు. అయిదో దాంట్లోనూ దూరలేదు. తక్కినవాటిలో బలవంతాన దూరింది. ఏడాది పాటు ఆయన నోరు మూయించాలని చూసిన టకటక ఆ టాపెట్లది కాదు. అవి ఎప్పుడో మూగబోయాయి. అవి మూగబోతే లోపల వాల్వులు కాలాయి.

"మామయ్యా, ఆయనకి ఇదంతా చెప్పక్కర్లేదు. పాత బండి కదా, వాల్వులు వాటంతటవే కాలాయని చెబుదాం. రేకులు నేనే ఎక్కడివక్కడ పెట్టేస్తాను" అన్నాను. గట్టిగానే అన్నాను, రెండోసారి అడగనవసరం లేకుండా.

ఆయన స్క్రూడ్రైవరుకి అంటిన మసి గుడ్డతో తుడుస్తూ కూర్చున్నారు. అత్తయ్య తెచ్చిన టీ అలాగే ఉంది.

పొద్దు వాలే వేళకి మా ఆయన వచ్చాడు. చేతిలో కంపెనీ కవరు. బల్ల మీద సుద్ద అంకెలు చూసి, రెండూ అయిదూ దగ్గర వేలు పెట్టి, చూశావా నాన్నా అన్నాడు. నేను నా అబద్ధం సిద్ధంగా పట్టుకుని ఒక అడుగు ముందుకి వేశాను. మామయ్య చేత్తో ఆగమన్నారు.

"రింగులు బాగున్నాయిరా. నూనె పోసి చూశాం. వాల్వులు కాలాయి. కాల్చింది నేనే."

మా ఆయనకి అర్థం కాలేదు. మామయ్య స్క్రూడ్రైవరు అతని చేతికిచ్చి, బల్ల మీద పెట్టి వినమన్నారు. మా ఆయన తండ్రి మాట కాదనలేక విన్నాడు.

"ఏమీ వినబడట్లేదు."

"నాకు వినబడుతుంది. దాన్ని ఆపాలని ఏడాది నుంచి నీ బండి పీక నొక్కుతున్నాను."

మా ఆయన ఎన్ని మాటలైనా అనొచ్చు. లారీ లాగట్లేదని వేసవిలో మొత్తుకున్నది తను, బట్టీ యజమాని చేత మాట పడింది తను. అయినా అతను స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, తండ్రి పక్కన కూర్చున్నాడు. ఎప్పటి నుంచి నాన్నా అని అడిగాడు. మామూలు గొంతుతో అడిగి, ఆయన ఆఁ అనగానే, చెవి దగ్గరికి వంగి మళ్ళీ అడిగాడు.

"పోయినేడు వానల నుంచి. వాన చప్పుడనుకున్నాను" అన్నారు మామయ్య.

గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. ఆవిడ నోట మాట లేకపోవడం నేను అదే మొదటిసారి చూడడం. మామయ్య అటు తిరిగి, ఏమిటే చప్పుడు లేదు, లోపల కాలుతోందా అన్నారు. టీ చల్లారిపోయిందని చెప్పి ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"వాల్వులు మారిస్తే లాగుతుందా?" అన్నాడు మా ఆయన.

"లాగుతుంది. నేను మాత్రం బిగించను. రేకులు పెట్టి కోడలు బిగిస్తుంది. దాని చేతికి కొలత తెలుసు."

నాకు తెలుసునో తెలియదో ఎవరూ అడగలేదు. ఆదివారం పొద్దున తుక్కువాడు వచ్చి, టీ తాగి, వట్టి చేతులతో వెళ్ళాడు. కంపెనీ కవరు చాలా రోజులు అలమారు మీదే ఉంది, తర్వాత అత్తయ్య దాన్ని గరాటులా చుట్టి నూనె పోయడానికి వాడుకుంది.

మిగిలిన వానాకాలమంతా మాకు అదే పని. ఇంజను తల దించాం. కాలిన వాల్వుల అంచులు ఎలకలు కొరికిన రొట్టెల్లా ఉన్నాయి. కొత్తవి తెచ్చి, అరగదీసే ముద్ద రాసి, కర్రని రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతూ ఒక్కో వాల్వునీ దాని గూట్లో కూర్చోబెట్టాం. నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంతకీ వీణ్ణి పెద్దాడు అన్నాను గానీ, వీడికి చాకిరీ చేసేది తోటికోడలు కాదు నువ్వే అంది అత్తయ్య. మధ్యలో ఒక రోజు మామయ్యని మా నాన్న తన ఆసుపత్రిలో చూపించాడు. ఆ టకటక పోయేది కాదనీ, దానికి అలవాటు పడడమే మందనీ డాక్టరు చెప్పాడట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు మామయ్య మామూలుగానే ఉన్నారు. కానీ స్క్రూడ్రైవరుని మేకుకి తగిలించి, మళ్ళీ దించలేదు. పని జరుగుతుంటే పక్కన కూర్చుని, నా చేతి కింద రేకు ఎలా జారాలో చెప్పేవారు. మరీ తేలిగ్గా జారకూడదు, మరీ పట్టెయ్యకూడదు, పుస్తకంలోంచి కాగితం లాగినట్టు రావాలి. ఆ పాఠం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. తర్వాత ఎన్ని బళ్ళకి బిగించానో, ప్రతిసారీ అదే గుర్తొస్తుంది.

వానలు వెనకబట్టాయి. బట్టీ రాజుకుందని కబురొచ్చింది. ఆ పొద్దున మా ఆయన లారీ ఎక్కి సెల్ఫ్ కొట్టాడు. మొదటిసారికే అందుకుంది. వణుకు లేదు, దగ్గు లేదు. తల దగ్గర మాత్రం సన్నగా, ఒకే తాళంలో ఒక చప్పుడు. మామయ్య నా పక్కనే నిలబడి తల వంచి విన్నారు.

"అమ్మాయ్, ఈ టకటక దానిదా, నాదా?"

నేను ఇంజను దగ్గరికి వెళ్ళి విని వచ్చాను.

"దానిదే మామయ్యా. మీరు చెప్పినట్టు కాస్త మాట్లాడుతోంది."

"అయితే ఉండనీ" అన్నారు.

లారీ కదిలింది. గేటు దాటి, మెట్ట ఎక్కి, గేరు మార్చకుండానే మలుపు తిరిగింది. అత్తయ్య పెద్దాడికి చెయ్యి ఊపింది, నేను చిన్నాడికి ఊపాను. చప్పుడు దూరమై దూరమై పోయింది. మామయ్య ఇంకా అలాగే తల వంచుకుని ఉన్నారు.

"ఇప్పుడు?"

ఆయన చెవి దగ్గరికి వంగి చెప్పాను, బండి వెళ్ళిపోయింది మామయ్యా, ఇప్పుడు వినబడేది మీదేనని.

ఆయన కాసేపు విన్నారు.

"సరే, ఇదీ ఉండనీ" అని లోపలికి నడిచారు.